పెద్దత్త సంతకం

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లోని నేషనల్ లైబ్రరీలో ఒక మసక వెలుతురు గది ఉంది. పాత కాగితాలు పాడవకుండా లైట్లు బాగా తగ్గించి ఉంచుతారు. లోపల మూడే మూడు పత్రాలు. స్కూల్ ప్రాజెక్టు ఉందంటే మా అమ్మాయిని తీసుకుని పోయిన నెల వెళ్లాను. తనకి కావాల్సింది మూడోది, 1893 నాటి అర్జీ. ఓటు ఇవ్వమని న్యూజిలాండ్ ఆడవాళ్లు పెట్టుకున్నది.

ఆ ఏడాది దేశమంతా తిరిగి, అన్ని అర్జీలూ కలిపి దాదాపు 32,000 సంతకాలు పోగేశారు. పెద్ద అర్జీ కాగితాలన్నీ ఒకదాని కింద ఒకటి అంటించి చీపురు కర్ర ముక్కకి చుట్టారట. జాన్ హాల్ అనే సభ్యుడు పార్లమెంటు నడవలో దాన్ని దొర్లిస్తే, వెళ్లి అవతలి గోడకి ఠక్కున తగిలిందట. సెప్టెంబరు 19న చట్టమైంది. పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటిచ్చిన మొదటి దేశం ప్రపంచంలో ఇదే. ఎన్నికల్లో నిలబడే హక్కు మాత్రం 1919 దాకా ఇవ్వలేదు, ఆ ముక్క ఇక్కడ ఎవరూ అంత గట్టిగా చెప్పరు.

అద్దం వెనక పేర్లు. ఒక్కొక్కరిది ఒక్కో చేతిరాత. మా అమ్మాయి ముక్కు అద్దానికి ఆనించి చాలాసేపు చదివింది. బయటికొచ్చాక మేరి తే తాయ్ మంగకాహియా గురించి చెప్పింది. మావోరీలంటే ఇక్కడి మూలవాసులు. ఆ 1893లోనే ఈ మావోరీ ఆవిడ వాళ్ల సొంత పార్లమెంటుకి వెళ్లి, ఆడవాళ్ల పేర భూములున్నాయి కాబట్టి ఇక్కడ మాకూ ఓటు కావాలి, కూర్చునే చోటూ కావాలి అని అడిగిందట.

భూముల మాట వచ్చేసరికి నాకు హుషారొచ్చింది. పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్లకి ఇదొక జబ్బు, ఎక్కడ సందు దొరికినా మన గొప్ప చెప్పాల్సిందే. "మనవాళ్లేం తక్కువా? పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని కేంద్రం 2005లో చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ 1986లోనే తెచ్చాడు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడపిల్లలందరికీ వర్తిస్తుంది" అన్నాను.

"పెద్దత్త పెళ్లి ఎప్పుడు?"

"1991."

"అయితే తనకి ఎంత వచ్చింది నాన్నా?"

మా నాన్న పోయాక పదిహేను రోజుల సెలవు మీద ఊరెళ్లాను. కర్మకాండలన్నీ అయ్యేసరికి నాలుగు రోజులు మిగిలాయి. ఆ నాలుగు రోజుల్లోనే పొలం కాగితాలు తేల్చుకోవాలని నాకు తొందర. అక్క తన వాటా వదులుకుంటున్నట్టు దస్తావేజు లేఖరి అంతా ముందే రాసిపెట్టాడు. అక్క పొద్దున్నే బస్సులో వచ్చింది. రిజిస్ట్రార్ ఆఫీసు చెట్టు కింద బెంచీ మీద కూర్చుని, చదవకుండానే ఒక్కో పేజీ తిప్పుతూ, "ఇక్కడేనా తమ్ముడూ? ఇక్కడా?" అని అడుగుతూ సంతకాలు పెట్టింది. వేలికంటిన సిరా కొంగుకి తుడుచుకుంది. మధ్యాహ్నం చీర పెట్టి పంపించాం. అక్కకి ఇవ్వాల్సింది పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా అని ఇంట్లో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ఇదంతా కారులో చెప్పాను. "పెళ్లప్పుడు ఇచ్చింది ఏంటి, డౌరీనా?" అంది.

"అలాంటిదే."

"అది ఇల్లీగల్ కదా. మరి దాన్ని షేర్ కింద ఎలా లెక్కేశారు?"

1961 నుంచీ వరకట్నం నేరమే. సిగ్నల్ పచ్చబడినా బండి కదపడం మర్చిపోయాను. వెనకవాడు హారన్ కొట్టాడు.

ఆదివారం వీడియో కాల్లో మా అమ్మాయి వాళ్ల అత్తనే అడిగేసింది, సంతకం ఎందుకు పెట్టావని. అక్క నవ్వింది. "పొలం కోసం తగువు పెట్టుకుంటే రేపు నాకు పుట్టిల్లెక్కడే తల్లీ? పండక్కి రమ్మని ఎవరు పిలుస్తారు?" అంది. అసలు లెక్క అదన్నమాట. నేను పిలవనని అక్క ఎలా అనుకుంది? అలా అనుకోదని ఎలా చెప్పగలను, ఆ చెట్టు కింద వాటా మాట నా నోట కూడా రాలేదు కదా. మా అమ్మాయికి పుట్టిల్లు అన్న మాట అర్థం కాక నావైపు చూసింది. విడమర్చి చెప్పడానికి పావుగంట పట్టింది. ఇంగ్లీషులో దానికి సరైన మాటే దొరకలేదు.

ఊళ్లో ఒక లాయర్ని ఫోన్‌లో అడిగాను. పొలం ఇప్పుడు నా పేరు మీదే ఉంది కాబట్టి సగం అక్కకి దానపత్రం రాసి రిజిస్టర్ చేయించవచ్చన్నాడు. రాత్రి అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"నీకేమన్నా పిచ్చా? దాని పెళ్లికి దాచిపెట్టు" అంది అక్క.

ఆ మాట మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు.