ముగ్గుపిండితో గీసి, కిలోల లెక్కన కట్టిన షెడ్డు

2025 సెప్టెంబరులో కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల ధర కుప్పకూలి, చివరికి ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయల చొప్పున కొనాల్సి వచ్చింది. నాకు షెడ్డు పిచ్చి పట్టింది అప్పుడే. పెద్ద రేకుల షెడ్డు ఒకటి ఉంటే గడ్డలు దాచుకుని, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు కదా అనుకున్నా. అడుగుల్లో 60 పొడవు, 40 వెడల్పు. ఎందుకంత అంటే చెప్పలేను. రోడ్డు పక్కన ఒకాయన అంత కట్టాడు, అంతే.

మాది పత్తికొండ వైపు పల్లె. ఆరెకరాలు వేరుశనగ, మా మాటలో బుడ్డలు. నాలుగెకరాలు కంది. బోరులో నీళ్లుంటే ఓ రెండెకరాలు ఉల్లి.

ఉల్లి ఆశ మా బావమరిది దగ్గరే చచ్చిపోయింది. వానాకాలం గడ్డలో నీరెక్కువ, మన పంట నిల్వకు ఆగదన్నాడు. ఆగే రకమైనా కింద నుంచి గాలి ఆడాలి, వెదురు తడికలో చెక్క పట్టీలో వేసి నేలకు ఎత్తులో పోయాలి. మూసేసిన రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండకు గడ్డలు ఉడికి కంపు కొడతాయి. నిజానికి ఇది నాకూ తెలుసు. ధర పడిన కోపంలో గుర్తు రాలేదు.

మరి షెడ్డు దేనికి? బుడ్డల మూటలు, కందుల మూటలు, ట్రాక్టరు, ట్రాలీ, ఎరువులు. బుడ్డల కట్టె, అంటే పశువుల మేత, ఎప్పటిలాగే బయట వామి వేసుకుంటాం.

సైజు తేల్చింది మా ఆవిడ. కళ్లంలో ట్రాక్టరు ఆపించి, ముగ్గుపిండి డబ్బా తెచ్చి చుట్టూ గీత గీసింది. తర్వాత ట్రాలీకి. పక్కనే నిండు మూట ఒకటి పడుకోబెట్టి కొలిచాం: మూడడుగులు, రెండడుగులు. అంటే ఆరు చదరపు అడుగులు. దాని మీద ఎనిమిది వరసలు పేర్చవచ్చు. మాకు వచ్చేవి బుడ్డలు 120 మూటలు, కందులు 40. ఎనిమిదేసి లెక్కన 20 దొంతులు, మొత్తం 120 చదరపు అడుగులు! గోడకు రెండడుగులు వదిలి, నడిచే దారి పెట్టుకున్నా 300 దాటదు. నేను 2,400 అడుగుల షెడ్డు కలగన్నానని గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

స్థలం తినేది పంట కాదు, ట్రాలీ తిప్పుకోవడం. తలుపు ఎదురుగా ఖాళీ లేకపోతే ట్రాలీని రివర్సులో పెట్టడానికి రోజూ తిట్లే. అన్నీ గీశాక 40కి 30 సరిపోయింది. “ఏమయ్యా, ఇంకో గీత గీయమంటావా?” అని డబ్బా చూపించింది. వద్దన్నాను.

40, 30 అన్నదాంట్లో ఇంకో సంగతి ఉంది. ఇనుప పైపు 20 అడుగుల పొడవుతో వస్తుంది. 40 అడుగుల షెడ్డుకు పర్లిన్ పైపులు, అంటే కప్పు రేకులు బిగించే అడ్డ పైపులు, రెండు అతికితే చాలు. అదే 45 అడుగులంటే మూడో పైపు కోసి, మిగిలిన ముక్క పాత సామాన్లవాడికి ఇవ్వాలి. స్తంభాల దగ్గరా ఇదే తంటా. చూరు ఎత్తు 14 అడుగులు కావాలి. 20 అడుగుల పైపులో 14 కోస్తే 6 మిగులు, పది స్తంభాలకు 60 అడుగులు వృథా. అందుకని చుట్టూ ఎలాగూ నాలుగడుగుల గోడ కడుతున్నాం కాబట్టి, అంత ఎత్తు వరకు కమ్ముల కాంక్రీటు దిమ్మెలు లేపి, వాటి మీద పదడుగుల పైపు నిలబెట్టాం. ఒక పైపుకు రెండు స్తంభాలు, ఒక్క ముక్క మిగల్లేదు. యూరియా మూటల తేమకు పైపు అడుగు తుప్పు పట్టే బాధా లేదు.

ఇక ధర. మొదట అడిగిన కాంట్రాక్టరు చదరపు అడుగు 260 రూపాయలన్నాడు. పునాది, నేల, షట్టర్ కాకుండా. 1,200 అడుగులకు 3,12,000 అని మనసులో వేసుకున్నా. తీరా చూస్తే ఆయన కొలిచేది నేలను కాదు, రేకును. పైకప్పు వాలు, చూరు బయటికి వచ్చేది కలిపి ఒక్కో వైపు 17 అడుగులు, పొడవు 42. అంటే 1,428. తేడా 228 అడుగులు, డబ్బుల్లో 59,280. అడగకపోయి ఉంటే బిల్లు రోజు తెలిసేది.

అంతకన్నా పెద్ద తేడా పైపు మందంలో ఉంది. నాలుగంగుళాల చదరం పైపు 2 ఎంఎం మందమైతే 20 అడుగులకు 37 కిలోలు, 4 ఎంఎం అయితే 70. రంగు వేశాక బయటి నుంచి రెండూ ఒకటే. అడుగుల రేటులో ఏది వేస్తారో రాసివ్వమంటే ఆయనకు కోపం వచ్చింది. నాకు టెన్షన్ పోయింది, ఎందుకంటే ఆయన వద్దని అప్పుడే తేలిపోయింది.

మా ఊరి వెల్డింగ్ అబ్బాయి ఇంకో పద్ధతి చెప్పాడు. “అన్నా, ఇనుము నువ్వు కొను. నాకు కిలోకు 18 కూలి ఇయ్యి. కాటా వేసి లెక్క చూసుకుందాం.” పైపు కిలో 65 పడింది. ట్రస్సులు, అంటే కప్పును మోసే ఇనుప చట్రాలు, ఐదు, పదడుగులకొకటి. మొత్తం 2,300 కిలోలు అవుతుందన్నాడు, వేబ్రిడ్జి మీద 2,410 తూగింది. ఆ మాత్రం తేడా నాకు ఓకే.

డిజైన్ చూసింది మాత్రం మా తమ్ముడి కూతురు, సివిల్ చదివింది. నేను ట్రస్సు గట్టిదనం గురించి అడుగుతుంటే మధ్యలో ఆపి, “పెదనాన్నా, ఇది కూలిపోదు, లేచిపోతుంది” అంది. గాలి లెక్కకు ఐఎస్ 875 మూడో భాగం అని భారతీయ ప్రమాణం ఒకటి ఉందట. అందులో కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద 90 కిలోలకు పైగా ఒత్తిడి. అరమిల్లీ రేకు బరువేమో చదరపు మీటరుకు 5 కిలోలు లేదు. మొత్తం కప్పును గాలి అలా పైకి లాగిందనుకుంటే 12 టన్నులు. ఇనుము, రేకులు కలిపి మూడు టన్నులు. మిగతా తొమ్మిదీ స్తంభాల కింద పది పునాది గుంతలు పట్టుకోవాలి. తలుపు తెరిచి ఉంటే గాలి లోపలికి దూరి కింద నుంచి కూడా తోస్తుంది, అది ఇంకా ప్రమాదమంది.

అందుకే గుంతల దగ్గర పైసా తగ్గించలేదు. మాది నల్లరేగడి, ఎండకు చెయ్యి పట్టేంత పగుళ్లు. గరుసు తగిలేదాకా ఐదడుగులు తవ్వాం. తవ్వుతుంటే దారిన పోయే పెద్దాయన ఒకరు ఆగి, “ఏమప్పా, వాన పడకముందే మొదలుపెట్టినావా?” అన్నాడు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికే జనాన్ని చూసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. మాకు దొరికినవి గులకరాళ్లే.

నేల సగం బేతంచెర్ల బండలు, మూటల వైపు. ట్రాక్టరు వైపు కాంక్రీటు, బండలైతే చక్రం కింద పగులుతాయి. సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గాక కొన్నాను కాబట్టి అక్కడ కొంత కలిసొచ్చింది.

మొత్తం ఇలా తేలింది: ఇనుము, కూలి 2 లక్షలు. పైకీ పక్కలకూ రేకులు 1,29,000. పునాది, గోడ, నేల 1,46,000. పన్నెండడుగుల షట్టర్ 40,000. అంతా 5,15,000. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 3 శాతం వడ్డీ రాయితీ ఉందని బ్యాంకుకు వెళ్లాను. ప్రాజెక్టు రిపోర్టు కావాలన్నారు. నా షెడ్డులో సగానికి పైగా ట్రాక్టరుదే, పంట నిల్వకని ఎలా రాయించను? బంగారం పెట్టి తెచ్చాను. ఒక చివర ట్రస్సుకు ప్లేట్లు వదిలించాను, ఎప్పుడైనా ఇంకో 20 అడుగులు జోడించుకోవడానికి.

ఏప్రిల్‌లో ఒక రాత్రి పెద్ద గాలి లేచింది. పక్క చేను కొట్టం రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి. మంచం మీద లేచి కూర్చున్నాక గుర్తొచ్చింది, షట్టర్ సగం తెరిచి వచ్చానని. టార్చి పట్టుకుని పరిగెత్తాను. లోపల దుమ్ము గిర్రున తిరుగుతోంది, కప్పు బుసకొడుతోంది. గొలుసు లాగి షట్టర్ దించేదాకా ఊపిరి ఆడలేదు. తెల్లారి నిచ్చెన వేసి చూస్తే, షట్టర్ పైన వరసలో మూడు స్క్రూల వాషర్లు వదులయ్యాయి. బిగించి దిగాను.