తాతగారి రేడియో, అరవై వాట్ల బల్బు

ఈ ఆదివారం తాతగారి వాల్వు రేడియోకు (ట్రాన్సిస్టర్లకు ముందు గాజు గొట్టాలతో పనిచేసిన రకం) తొలిసారిగా కరెంటు ఇచ్చాను. నాన్నగారి సామానుతో పాటు అది మలక్‌పేటలోని మా ఇంటికి చేరి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో చూసిన ప్రతివారూ, "ఒకసారి ప్లగ్గు పెట్టి చూడరాదా, మోగుతుందేమో!" అన్నవారే. నలభై ఏళ్లు అటక మీద ఉన్న సెట్టుకు ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే, కరెంటును నునుపు చేసే, ఇప్పటికి ఎండిపోయిన ఫిల్టరు కండెన్సర్లు షార్టయి, వాటితో పాటు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోవచ్చు. అందుకే అందరి మాటా విని ఊరుకున్నాను.

కిందటి నెల వెనుక అట్ట విప్పినప్పుడు మొదట కనిపించింది, ప్లగ్గు లేని తీగ. రెండు రాగి కొసలనూ సాకెట్టు రంధ్రాలలో దూర్చి అగ్గిపుల్లలతో బిగించేవారని అమ్మ చెప్పింది. గుడ్డ అల్లిక కింద ఉన్న రబ్బరు, వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. ఫ్యూజు ఉండవలసిన చోట ఎవరో రాగి తీగ చుట్టి ఉంచారు. ఇది ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టు కావడం నా అదృష్టం. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ/డీసీ సెట్లలో మెయిన్స్ తీగ ఒకటి నేరుగా ఛాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, కలిసి ఉంటుంది కనుక, నాబ్ ఊడిన ఇనుప కాడను ముట్టుకున్నా ప్రాణం మీదకు రావచ్చు. అటువంటిదైతే మెయిన్స్‌తో నేరు సంబంధం తెంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా నేను దాని జోలికి వెళ్లేవాడిని కాదు. పాత తీగ తీసేసి, మూడు పిన్నుల ప్లగ్గుతో కొత్తది వేసి, ఎర్తు తీగను ఛాసిస్‌కు బిగించి, అర ఆంపియరు ఫ్యూజు పెట్టాను.

అసలు శ్రద్ధ చూపవలసింది కండెన్సర్ల దగ్గర. స్పీకరును నడిపే ఈఎల్84 అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (వాల్వులో కరెంటును అదుపు చేసే జాలీకి) ముందుండే మైనపు కాగితపు కండెన్సరు చూడటానికి వేలెడంత కూడా ఉండదు. కానీ అది లీకైతే, ముందరి వాల్వు ఆనోడు (పాజిటివ్ పలక) నుంచి పాజిటివ్ వోల్టేజీ గ్రిడ్ మీదకు వచ్చి, వాల్వు మితిమీరిన కరెంటు లాగి, తాను వేడెక్కడమే కాక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కూడా ముంచుతుంది. పాతది బాగుందో లేదో పరీక్షించే ఓపిక కూడా నాకు లేకపోయింది. దాని స్థానంలో 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సరు వేశాను. ఫిల్టరుకు 450 వోల్టులవి తెచ్చి, ప్లస్సు మైనస్సులు రెండుసార్లు సరిచూసి సోల్డరు చేశాను. ఇవన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో పది నిమిషాలలో దొరికాయి గానీ, 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు కోసం మాత్రం ఏడు దుకాణాలు తిరగవలసి వచ్చింది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

ఆ బల్బును రేడియోతో సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే రేడియోకు వెళ్లేలా, కలిపాను. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి వోల్టేజీ అంతా తానే మోస్తుంది. లేకుంటే కాసేపు వెలిగి మందగిస్తుంది. మా అమ్మాయిని స్విచ్చి దగ్గర నిలబెట్టి, నేను "ఆపు" అనగానే కారణం అడగకుండా ఆపాలని షరతు పెట్టాను. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది కనుక ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేతిలో మీటరు కడ్డీ పట్టుకున్నాను.

బల్బు ఒక్కసారి వెలిగి, ఎర్రబడి, సద్దుమణిగింది. అర నిమిషం గడిచాక వాల్వుల అడుగున నిప్పుకణికల రంగు కనిపించింది, స్పీకరులో సన్నని హమ్ము మొదలయింది. ఆపించి, ప్లగ్గు ఊడదీసి, కండెన్సర్లలో మిగిలిన చార్జీని 10 కిలోఓమ్‌ల రెసిస్టరుతో దించి, మీటరు సున్నా చూపిన తరువాతనే లోపల చెయ్యి పెట్టాను. స్క్రూడ్రైవరుతో టప్పుమని షార్టు చేసే మెకానిక్కులను చాలామందిని చూశాను, ఆ అలవాటు నాకు ఏనాడూ నచ్చలేదు.

సాయంత్రం బల్బు తీసి నేరుగా కరెంటు ఇచ్చాను. హెచ్‌టీ, అంటే వాల్వులకు అందే హై టెన్షన్ వోల్టేజీ, 245 వోల్టుల దగ్గర నిలిచింది. కిటికీ గ్రిల్లుకు మూడు మీటర్ల తీగ కట్టాను గానీ, మీడియం వేవ్ నిండా ఒకటే బరబర. ఎల్‌ఈడీ ట్యూబు ఆపితే సగం తగ్గింది, ఫోన్ చార్జర్లూ వైఫై పెట్టే ఆపితే మిగతాది తగ్గింది. తాతగారి కాలంలో ఇంట్లో ఇన్ని శత్రువులు లేవు! డయల్ మీద 400 మీటర్ల పక్కన నాన్నగారు పెన్సిలుతో గీసిన సన్నని గీత ఉంది. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ అంటే సుమారు 406 మీటర్ల తరంగదైర్ఘ్యం. ముల్లును ఆ గీత మీదకు తెచ్చేసరికి తెలుగు మాట వినిపించింది.

చీకటి గదిలో అమ్మ దగ్గరగా కుర్చీ లాక్కుని కాసేపు విని, "గొంతు బాగానే ఉంది గానీ, ముందు దీపం వెలిగేది కదరా?" అంది. డయల్ బల్బు మాట నాకు తట్టనే లేదు. శనివారం మళ్లీ గుజరాతీ గల్లీకి వెళ్లి 6.3 వోల్టులది అడగాలి.