కోరంగి పాత పటం: గట్టు వైపు కుదిరింది, మడ వైపు జారుతూనే ఉంది

కాకినాడ దగ్గరి పాత ఓడరేవు కోరంగి. ఆ ప్రాంతం పాత సర్వే పటాన్ని స్కాన్ చేసి, ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద సరిగ్గా కూర్చోబెట్టే పనిలో ఉన్నాను. మళ్లీ జారింది. గట్టు మీది ఊళ్లు, లాకులు, ద్రాక్షారామం గుడి అన్నీ వాటి చోట్లో కూర్చున్నాయి, ఇక అయిపోయినట్టే అని పటం లేయర్‌ని సగం పారదర్శకం చేసి చూస్తే కోరంగి దాటాక ప్రతి పాయా రెండుగా కనిపిస్తోంది. ఒకటి ఉపగ్రహ చిత్రంలోది, రెండోది దానికి పడమరగా పటంలోది. చాలా చిరాగ్గా ఉంది.

రేఖాంశాల తేడా మాత్రం తీరింది. పాత సర్వే పటాలు మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశానికి అప్పట్లో వాడిన పాత విలువ మీద గీసినవి కాబట్టి 2 నిమిషాల 27 సెకన్లు (డిగ్రీలో భాగాలు, కాలం కాదు) తీసేశాను. ఇక్కడ అది దాదాపు 4.36 కిలోమీటర్లు, పటం మొత్తం ఒక్క దెబ్బకి దారికొచ్చింది.

ఇక మడ సంగతి. మొదటి డిగ్రీ పాలినామియల్‌తో, అంటే పటాన్ని వంచకుండా మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే లెక్కతో, గట్టు మీద తేడా 40 నుంచి 60 మీటర్లే. కోరంగి దగ్గర ఏటి వంపులో 310, ఇంకొంచెం తూర్పున పాయ చీలే చోట 420, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) వైపు వెళ్లేసరికి 560. పటాన్ని కాస్త వంచనిచ్చే రెండో డిగ్రీ పెడితే గట్టు ఇంకా బాగా కుదురుతుంది కానీ తూర్పు అంచు 900 దాటి ఎగిరిపోతోంది, అటు పట్టుకోవడానికి నమ్మకమైన కంట్రోల్ పాయింటు, అంటే పటంలోనూ చిత్రంలోనూ ఒకటే అని తెలిసిన చోటు, ఒక్కటీ లేదు మరి. పటాన్ని రబ్బరులా లాగి ప్రతి పాయింటుకీ అతికించే థిన్ ప్లేట్ స్ప్లైన్ పెడితే తేడా సున్నా అని చూపిస్తుంది, ఆ సున్నాని నేను నమ్మను. లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టిన పాయింటు దగ్గర కొలిస్తే 480 మీటర్లు వచ్చింది. పాత పటాలకి అదే వాడమని సలహా ఇచ్చేవాళ్లు ఒక్కసారి ఇలా విడి పాయింటుతో పరీక్షించి చూడాలి.

కాగితం కుంచించుకుపోయిందేమో అని గీతలు కొలిచాను. అంగుళానికి మైలు స్కేలు, 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) స్కాన్. 5 నిమిషాల అక్షాంశానికి 1,719 పిక్సెళ్లు రావాలి, 1,707 ఉన్నాయి. రేఖాంశం వైపు 1,656కి 1,655. అంటే కుంచించింది నిలువుగానే, నా తేడా అడ్డంగా ఉంది. పైగా అన్నిచోట్లా ఒకేలా కుంచించుకుంటే మొదటి డిగ్రీలోనే సర్దుకుపోవాలి. పటాన్ని ముక్కలుగా కోసి గుడ్డ మీద అంటించారు, ముక్కల మధ్య సందు 9 పిక్సెళ్లు, అంటే 48 మీటర్లు. బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రాంలో ముక్కల్ని దగ్గరికి జరిపితే 420 కాస్తా 370 అయింది, అంతే.

ఏరు కదిలిందా? కదిలితే ఒక వంపు ఇటు, ఒక వంపు అటు జరగాలి. అన్నీ ఒకే వైపు, సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఎక్కువగా జరగవు. దిక్సూచి తేడా అయితే తూర్పుకి వెళ్లే కొలతలో ఉత్తర దక్షిణాలుగా కనబడాలి. మిగిలింది దూరం తక్కువ పడటం. నా అనుమానం, మడలో దూరం కొలిచే సర్వే గొలుసు పరచడం కుదరక పడవ మీద కాలాన్ని బట్టి దూరం వేశారని. పాటు (సముద్రం వెనక్కి తగ్గే వేళ) మీద మొగ వైపు వెళ్తే నీరే పడవని లాక్కుపోతుంది, తెడ్ల లెక్కన వేసిన దూరం అసలు దూరం కంటే తక్కువే వస్తుంది. ఇది ఊహే, కానీ తేడా దిశకి సరిపోయే కారణం నాకు ఇదొక్కటే దొరికింది.

ఇంత పట్టుదల 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఆయన కోరంగిలో కట్టించిన ఓడల డాక్ (మరమ్మతుకి ఓడని ఎక్కించే చోటు) కోసం. పటంలో ఏటి ఒడ్డున లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న గంటు ఉంది, అదే అయ్యుండొచ్చు. 310 మీటర్ల తేడాతో వెతికితే ఆ పరిధిలో రొయ్యల చెరువులే చెరువులు, పైనుంచి చూస్తే ప్రతి చెరువూ డాక్‌లాగే నలుచదరంగా ఉంటుంది. 50 మీటర్లకి దించితే తప్ప దీని గురించి మాట్లాడటం దండగ. 1789, 1839 ఉప్పెనలు ఈ రేవుని ఎలా దెబ్బతీశాయో రాసేవాళ్లంతా 1839లో 20,000 ఓడలు మునిగాయి, 3 లక్షల మంది పోయారు అని ఒకరిని చూసి ఒకరు రాసుకుపోతారు. ఏటి వెడల్పు, ఒడ్డు పొడవు కొలవకుండా ఆ ఓడల సంఖ్యని నేను ఒప్పుకోను. అందుకైనా పటం కుదరాలి.

తర్వాత పని కరోనా గూఢచారి ఉపగ్రహం చిత్రాలు, రోగం కాదు, 1960 నుంచి 1972 దాకా అమెరికా తీసినవి. ఇదివరకే స్కాన్ చేసినవి ఉచితం, లేకపోతే ఫ్రేముకి 30 డాలర్లు. రొయ్యల చెరువులు రాకముందు ఒడ్డు ఎలా ఉండేదో అందులో తెలుస్తుంది, పాయలు చీలే చోట్లు అప్పుడూ ఇప్పుడూ ఒకచోటే ఉంటే వాటిని ధైర్యంగా కంట్రోల్ పాయింట్లుగా వాడతాను. గూగుల్ ఎర్త్ మీద బొమ్మ పరచి చేత్తో సాగదీసే పద్ధతి ఈ పనికి అసలు పనికిరాదు, పటాల పనికి వాడే క్యూజీఐఎస్ ప్రోగ్రాంలోనే చేస్తాను. ఆ లోపు తాళ్లరేవులో పడవలు కట్టే పెద్దవాళ్లని కలిసి, పెద్ద నావని మరమ్మతుకి ఎక్కించాలంటే ఒడ్డు ఎంత లోతు, ఎంత వాలు ఉండాలో అడగాలి. ఆ కొలతలు తెలిస్తే చెరువుల్లో సగమైనా జాబితాలోంచి పోతాయి.