ఆర్‌లో లెక్కపెట్టడం: స్వర్ణ లోడ్లు ఎన్ని?

కొనుగోలు కేంద్రం నుంచి మిల్లుకు వెళ్ళిన ధాన్యం పట్టిక ఒకటుందనుకోండి. ఒక్కో వరసకి ఒక్కో లోడు. కాలమ్‌లు అయిదు: ఊరు, పంట (సార్వా, దాళ్వా), రకం, బస్తాలు, తేమ. ఇందులో స్వర్ణ ఎన్ని లోడ్లంటే, లెక్కలకి వాడే కంప్యూటర్ భాష ఆర్‌లో ఒక్క లైను పని. చిక్కల్లా ఆ లైను తప్పు అంకె ఇచ్చినప్పుడు కూడా నోరెత్తదు. (కమాండ్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే. ట్రూ, ఎన్ఏ మాత్రం పెద్దక్షరాల్లో. ఎన్ఏ అంటే గడిలో విలువ లేదని చెప్పే గుర్తు. ఎన్ఏ.ఆర్ఎమ్, ఎన్ఏ.స్ట్రింగ్స్, ఈజ్.ఎన్ఏలలో మాత్రం అది చిన్నక్షరాల్లోనే. యూజ్‌ఎన్ఏలో ఎన్ఏ, కోల్‌సమ్స్, రోసమ్స్‌లలో ఎస్ పెద్దక్షరాలు.)

సమ్(ధాన్యం$రకం == "స్వర్ణ", ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ)

రెండు ఈక్వల్స్ గుర్తులు ప్రతి వరసకీ అవునో కాదో చెబుతాయి. సమ్ అవునుకి 1, కాదుకి 0 వేసి కూడుతుంది. రకం గడిలో ఎన్ఏ ఉంటే జవాబూ ఎన్ఏనే. అలాంటిది ఒక్కటున్నా మొత్తం కూడిక ఎన్ఏ అయిపోతుంది. రెండో భాగం పెట్టేది అందుకే.

ఇదే పనికి చాలామంది స్వర్ణ వరసలను చదరపు బ్రాకెట్లతో విడదీసి, ఎన్‌రోతో లెక్కపెడతారు. అది వద్దు. ఆరు వరసల్లో మూడు స్వర్ణ, ఒకటి 1121 (ఇంకో వరి రకం), రెండు ఎన్ఏ ఉన్నాయనుకోండి. ఆ పద్ధతిలో 5 వస్తుంది! ఎన్ఏ తగిలిన చోట బ్రాకెట్లు వరసని వదిలెయ్యవు, అన్ని గళ్ళలోనూ ఎన్ఏ నింపి ఒక వరస పెడతాయి. డీప్లయర్ అనే అదనపు ప్యాకేజీలోని ఫిల్టర్ అయితే వాటిని వదిలేస్తుంది, 3 అనే చెబుతుంది.

స్వర్ణ, 1121 రెండూ కలిపి కావాలంటే ఇంకో గొయ్యి ఉంది. == సీ("స్వర్ణ", "1121") అని రాస్తే ఆర్ ఆ రెండు పేర్లనీ వంతులవారీగా పోలుస్తుంది: మొదటి వరసని స్వర్ణతో, రెండోదాన్ని 1121తో, మూడోదాన్ని మళ్ళీ స్వర్ణతో. కాలమ్‌లో వరసగా స్వర్ణ, 1121, 1121, స్వర్ణ ఉంటే నాలుగు రావాల్సిన చోట రెండే వస్తాయి. వరసలు బేసి సంఖ్యలో ఉంటే ఒక హెచ్చరికైనా కనపడుతుంది, సరిసంఖ్య అయితే అదీ ఉండదు. ఇక్కడ వాడాల్సింది %ఇన్%. అది ప్రతి వరసా ఆ జాబితాలో ఉందా లేదా అని చూస్తుంది, ఎన్ఏని కూడా 'కాదు' కిందే వేస్తుంది.

అన్ని రకాలూ ఒకేసారి చూడ్డానికి టేబుల్(ధాన్యం$రకం) చాలు. కాకపోతే ఎన్ఏలను చెప్పకుండా తీసేస్తుంది కాబట్టి యూజ్‌ఎన్ఏ = "ఆల్వేస్" తగిలించండి. ఖాళీ గడుల సంగతి వేరు. అక్షరాల కాలమ్‌లో ఏమీ రాయని గడిని, పట్టిక ఫైలుని చదివే రీడ్.సీఎస్‌వీ ఎన్ఏగా తీసుకోదు, ఖాళీ మాటగా ఉంచేస్తుంది. చదివేటప్పుడే ఎన్ఏ.స్ట్రింగ్స్ = సీ("", "-", "ఎన్ఏ") ఇచ్చేస్తే గొడవ వదులుతుంది.

అసలు తిప్పలు తెలుగు మాటల దగ్గర. మార్టేరు రకమే తీసుకోండి: ఒకరు స్వర్ణ అంటారు, ఒకరు 7029, మరొకరు ఎంటీయూ-7029. మూడూ ఒకటేనని మనకి తెలుసు, ఆర్‌కి తెలియదు. ఇవి కంటికి కనపడతాయి కాబట్టి సరే. కనపడనివే ప్రాణం తీస్తాయి. 'కాటన్‌దొర' అనే వరి రకం పేరులో న్ తర్వాత కంటికి కనిపించని నాన్-జాయినర్ గుర్తు ఒకటుంటుంది (యూనికోడ్‌లో 200సీ). కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. అలాగే 'ై' గుణింతం ఒకే అక్షరంగానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. తెరమీద తేడా తెలియకపోయినా టేబుల్‌లో రెండు గళ్ళవుతాయి. మాట చివరి ఖాళీలకి ట్రిమ్‌డబ్ల్యూఎస్ సరిపోతుంది కానీ 200సీని అది ముట్టుకోదు, దాన్ని అక్షరాలు మార్చే జీసబ్‌తో తీసెయ్యాలి. గుణింతాల ముక్కలకి స్ట్రింగీ ప్యాకేజీలో స్ట్రీ_ట్రాన్స్_ఎన్ఎఫ్‌సీ ఉంది. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ఎన్‌చార్‌తో రెంటి పొడవూ చూడండి, అనుమానం తీరుతుంది.

అంకెల కాలమ్‌లో ఎవరో ఒక గడిలో '40 బస్తాలు' అని కొడితే కాలమ్ మొత్తం అక్షరాలుగా మారిపోతుంది. అప్పుడు బస్తాలు > 40 అని అడిగితే పోలిక నిఘంటువు వరసలో జరుగుతుంది: 8 పెద్దది, 120 చిన్నది! లెక్కకి ముందు స్టర్(ధాన్యం) కొట్టి, ఆ కాలమ్ పక్కన 'సీహెచ్ఆర్' ఉందేమో చూసుకోవాలి.

తేమ ఒక్కో లోడుకి మూడుసార్లు కొలిచి, మూడు కాలమ్‌లలో రాశారనుకోండి. ప్రభుత్వ కొనుగోలుకి హద్దు 17 శాతం. ఆ మూడు కాలమ్‌లనీ తేమలు అనే పట్టికగా విడిగా పెట్టుకుంటే, కోల్‌సమ్స్(తేమలు > 17, ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ) ఒక్కో కొలతలో ఎన్ని లోడ్లు హద్దు దాటాయో చెబుతుంది. రోసమ్స్ అయితే ఒక్కో లోడు ఎన్నిసార్లు దాటిందో చెబుతుంది. మూడు గళ్ళూ ఎన్ఏగా ఉన్న లోడుకి రోసమ్స్ 0 ఇస్తుంది, అంటే అసలు కొలవని ధాన్యం ఆరిన ధాన్యంలా కనపడుతుంది. రోసమ్స్(ఈజ్.ఎన్ఏ(తేమలు)) 3కి సమానమైన వరసల్లో ఆ సున్నాని తీసి ఎన్ఏ పెట్టాకే ఆ లోడ్లను మిల్లు జాబితాలోకి ఎక్కించండి.