మూడు చక్రాలు, ఒక బోల్టు: తొమ్మిదో తరగతి ప్రాజెక్టుల లెక్క

2026 మార్చి రెండో వారం. తెలుగు, యూదుల, ముస్లింల నెలలు కలిపి చూపించే నా అట్ట చక్రం ఎట్టకేలకు తిరుగుతోంది. నాలుగు అట్టలు పాడయ్యాక. ఎక్కడెక్కడ తప్పు చేశానో రాసి పెట్టుకోకపోతే వచ్చే ఏడు కూడా అవే చేస్తానని తెలుసు, అందుకే ఈ ఏడాది ప్రాజెక్టులన్నీ మొదటి నుంచి రాస్తున్నా.

మాది ముంబై బైకుల్లాలో యూదులు పెట్టిన స్కూలు. పేరుకి యూదుల స్కూలే గానీ మా క్లాసులో ఒక్క యూదు పిల్ల కూడా లేదు. సగానికి పైగా ముస్లింలు, మిగిలినవాళ్ళం మరాఠీ, గుజరాతీ, నేనొక్కదాన్ని తెలుగు. కొంకణ్ తీరంలో వందల ఏళ్ళు నూనె గానుగలు ఆడించుకుని బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులు 1948 తరవాత చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. శనివారం గానుగ ఆపేసేవాళ్ళు కాబట్టి ఊళ్ళో వాళ్ళని 'శనివార్ తేలి' అని పిలిచేవారట. ఇది చెప్పింది మా లైబ్రరీ ఆంటీ. ఆవిడ బెనె ఇజ్రాయెల్, ఠాణే నుంచి లోకల్‌లో వస్తారు, మరాఠీలోనే మాట్లాడతారు. నేను తెలుగని తెలిశాక, "గుంటూరు దగ్గర చేబ్రోలు వైపు మీ తెలుగు యూదులున్నారు కదా, తెలుసా?" అని అడిగారు. నాకు తెలీదు. ఆవిడే చెప్పాలి మరి.

మేముండేది కామాఠీపురాకి ఇవతల లైన్లో. ఆ పేరు చెప్పగానే జనం ఒకలా చూస్తారు. తెలంగాణ నుంచి వచ్చి ఈ ఊళ్ళో కట్టడం పనులు చేసిన కామాఠీల పేరది అని చెప్పి చెప్పి విసుగొచ్చింది. మా తాత మాత్రం మిల్లు కోసం వచ్చాడు. 1982 జనవరిలో సమ్మె మొదలయ్యేదాకా ఇండియా యునైటెడ్ మిల్లులో మగ్గం మీద పని. ఆ మిల్లులు 1940ల్లో చేతులు మారక ముందు సాసూన్లనే యూదు వ్యాపారుల ఈ.డి.సాసూన్ కంపెనీవి. బైకుల్లాలో నీలం రంగు వేసుకుని, గడియారం గోపురంతో నిలబడ్డ మాగెన్ డేవిడ్ ప్రార్థనా మందిరం కట్టించింది కూడా సాసూన్ల ఇంటి పెద్ద డేవిడ్ సాసూనే. "ఆల్ల మిల్లుల నేను, ఆల్ల బడిల నువ్వు" అంటాడు తాత. మా స్కూలు పెట్టింది సాసూన్లు కాకపోయినా ఆయన దృష్టిలో యూదులందరూ సాసూన్లే.

మొదటి ప్రాజెక్టు సుక్కా. అంటే యూదులు సుక్కోత్ పండుగకి వేసుకునే పందిరి. పోయిన అక్టోబరు 6 సాయంత్రం మొదలైంది, నిండు పున్నమి. నియమాలు చదివితే మన చలువ పందిరికి ఇంజనీరింగ్ రూల్సు రాసినట్టుంటాయి. కనీసం రెండు గోడలు పూర్తిగా, మూడోది కొంచెమైనా ఉండాలి. పైకప్పు నేలలో మొలిచి, కోసిన దాంతోనే వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, కింద ఎండ కన్నా నీడ ఎక్కువుండాలి. అలాగని వాన చుక్క కూడా దిగనంత మందంగా కప్పితే అది ఇల్లవుతుంది, పందిరి కాదు.

నీడ ఎక్కువో ఎండ ఎక్కువో ఎలా చెప్పడం? ఇక్కడ నేను కనిపెట్టిన పద్ధతి రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. మోడల్ 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. నేల మీద ఒక సెంటీమీటరు గళ్ళ గ్రాఫ్ పేపరు, మొత్తం 400 గళ్ళు. గదిలో లైట్లార్పి, సరిగ్గా నడి నెత్తిన మొబైల్ టార్చి పట్టుకుని, సగానికి మించి వెలుగు పడ్డ గళ్ళు లెక్కపెట్టాలి. మొదటిసారి 236. అంటే ఫెయిలు. కొబ్బరాకు ఇంకో వరస పరిచా, 148కి దిగింది. అమ్మయ్య అనుకుని వదిలేశా. నాలుగు రోజులయ్యాక ఊరికే మళ్ళీ లెక్కపెడితే 190! ఆకు ఎండి ముడుచుకుంది. ఇంకో పది గళ్ళు వెలిగితే పందిరి పందిరి కాకుండా పోయేది. ఆంటీతో చెబితే నవ్వి, పండుగ ఏడు రోజులూ నిలబడాలి కదా, అందుకే ఎండిపోయేది లెక్కేసుకుని ముందే పరుస్తాం అన్నారు. నాకు 20కి 17 వచ్చాయి. గ్రాఫ్ పేపరు చూపిస్తే 19 వచ్చేవేమో గానీ దాన్ని చెత్తలో పడేశా. తాత మాత్రం, "ఏందే, బొమ్మల పెండ్లికి పందిరేస్తున్నవా?" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

డిసెంబర్లో హనుక్కా దీపాలు, అంటే యూదుల దీపాల పండుగవి. దీని మీద పెద్దగా రాయను. ధారావి కుంభార్‌వాడాలో తొమ్మిది ప్రమిదలు కొని, మెట్లు మెట్లుగా మధ్యది ఎత్తులో వచ్చేలా పెట్టా. చూడ్డానికి బాగుంది, కానీ తప్పు. ఎనిమిదీ ఒకే ఎత్తులో ఉండాలి, మిగతావాటిని వెలిగించే తొమ్మిదో దీపం ఒక్కటే వేరుగా కనిపించాలి. చేత్తో చేసిన ప్రమిదలు ఏ రెండూ ఒకే ఎత్తు ఉండవు కాబట్టి సాండ్ పేపరు మీద అడుగులు రుద్దుతూ ఒక ఆదివారం గడిచిపోయింది. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిది రాత్రులకి 36, రాత్రికొక తొమ్మిదో దీపం కలిపితే 44 వత్తులు. ప్రమిదలు కుడి నుంచి ఎడమకి పేర్చుతారు, వెలిగించేటప్పుడు కొత్తదాంతో మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి వెళ్తారు. ఈ కుడి ఎడమల గొడవ అప్పుడు పట్టించుకోలేదు. తరవాత దెబ్బ కొట్టింది.

ఇక చక్రం.

అసలు ఇది రావడానికి కారణం తాత గోడకి తగిలించిన పంచాంగం క్యాలెండర్. సెప్టెంబర్ 21న అమ్మ బతుకమ్మ పేర్చింది, 22 సాయంత్రం యూదుల కొత్త సంవత్సరం అని స్కూల్లో చెప్పారు. సుక్కోత్ రోజు పున్నమి. హనుక్కా మొదలైన మర్నాడు మార్గశిర బహుళ ఏకాదశి. ఫిబ్రవరి 2న తు బిష్వత్, చెట్ల పండుగ; ఆంటీ అటుకులు, బెల్లం, కొబ్బరి, పళ్ళు కలిపిన మలీదా డబ్బాలో తెచ్చి పెట్టారు. ముందురోజే మాఘ పౌర్ణమి. ప్రతిసారీ ఇలా ఎలా కలుస్తాయి? కలవక ఏం చేస్తాయి, వాళ్ళదీ చంద్రుడి నెలే, మనదీ చంద్రుడి నెలే. తిష్రీకి ఆశ్వయుజం, కిస్లేవ్‌కి మార్గశిరం, అదార్‌కి ఫాల్గుణం, నిసాన్‌కి చైత్రం. సరే, రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి బిగిస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే అనుకున్నా. నా పక్కన కూర్చునే అమ్మాయి, ప్రాజెక్టులో నా పార్టనర్, "మరి మాది?" అంది. తను ముస్లిం, అలా మూడోది వాళ్ళ హిజ్రీ నెలల చక్రం.

సామాన్లు: 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు, అబ్దుల్ రెహమాన్ స్ట్రీట్‌లో తీసుకుంటే చవక. చక్రాలు 32, 25, 18 సెంటీమీటర్లు. 6 మిల్లీమీటర్ల ఇత్తడి బోల్టు, రెక్కల నట్టు, వాషర్లు. గుండుపిన్నులు. ఒక్కో చక్రానికి 12 గదులు, గదికి 30 డిగ్రీలు.

మొదటి అట్ట: చార్టు పేపరుకి ఫెవికాల్ దట్టంగా రాసి ఒకవైపే అంటించా, తెల్లారేసరికి అప్పడంలా వంకర తిరిగింది. రెండు వైపులా కాగితం అంటించి, పుస్తకాల బరువు కింద ఒక రాత్రి ఉంచితే వంగదు. రెండోది: చక్రం కోశాక మధ్యలో బెజ్జం పెట్టా, రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయింది, తిప్పితే ఎగుడుదిగుడు. బెజ్జం ముందు, గీత తరవాత, కోత ఆఖరు. ఈ వరస మార్చకూడదు.

మూడో అట్ట నా బుర్ర తక్కువతనం. తెలుగు నెలలు నేను గడియారం ముల్లు తిరిగే వైపు రాశా. పార్టనర్ తన నెలలు ఉర్దూలో, కుడి నుంచి ఎడమకి అలవాటు కదా, ఎదురు వైపు రాసింది. హీబ్రూ కూడా కుడి నుంచి ఎడమకే, ఆంటీ రాసిచ్చిన కాగితం చూసి అదీ ఎదురు వైపే దించాం. మూడూ బిగించి ఒక గది తిప్పితే అదార్ నిసాన్ అయ్యింది, ఫాల్గుణం మాఘమైంది! రెండు చక్రాలు ఒకవైపు, నాది ఒక్కటే ఇంకోవైపు కాబట్టి నాదే మళ్ళీ రాయాల్సి వచ్చింది. తాతకి నచ్చలేదు. "సంవత్సరాన్ని ఎడమ దిక్కు తిప్పుతరా ఎవరన్నా?" అన్నాడు. నాకూ టెన్షన్ పట్టుకుంది. తీరా బిగించాక చూస్తే, నెలలు ఎడమ వైపుకి రాసి ఉన్నప్పుడు పైన బాణం గుర్తు కిందికి తరవాతి నెల రావాలంటే చక్రాన్ని కుడి వైపుకే తిప్పాలి. ప్రదక్షిణమే. తాత స్వయంగా రెండు సార్లు తిప్పి చూసి ఒప్పుకున్నాడు.

నాలుగో అట్ట పాడైంది అధిక మాసం వల్ల. దానికి పదమూడో గది కావాలనుకుని 360ని 13తో భాగించి కూర్చున్నా. 27.69 డిగ్రీలు, కోణమానినితో పెట్టగలిగితే పెట్టండి. పైగా ఆ గది ఎక్కడ పెట్టాలి? యూదులకి చిక్కు లేదు, పందొమ్మిదేళ్ళలో 3, 6, 8, 11, 14, 17, 19వ ఏళ్ళకి అదనపు నెల, అది ఎప్పుడూ అదార్ దగ్గరే. మనది అలా కాదు. సూర్యుడు రాశి మారని చాంద్రమాసం ఏదైతే అది అధికం. 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, ఈ ఏడు జ్యేష్ఠం. పందొమ్మిదేళ్ళకి ఏడు చొప్పున లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే: తాత పాత పంచాంగాల కట్ట విప్పి చూస్తే పందొమ్మిదేళ్ళ కిందట 2007లోనూ అధిక జ్యేష్ఠమే ఉంది.

దారి చూపించింది కూడా తాతే. "పోగు తెగితే ఏం జేస్తం? మగ్గం ఆపి అతుకుతం. అద్దంల గది పెంచుతమా?" అన్నాడు. అద్దం అంటే మగ్గానికి ఉండే పన్ని లెండి, పోగులు దూర్చే దువ్వెన లాంటిది. అంతే, గది అక్కర్లేదు. నెల మారినప్పుడు అన్ని చక్రాలూ ఒక గది తిప్పాలి, అధిక మాసం వస్తే ఆ చక్రం ఒక్కటి మాత్రం తిప్పకూడదు. అంచున పిన్ను గుచ్చి ఆపాలి. మే 17న తెలుగు చక్రం ఆగుతుంది. అప్పటి నుంచి మనం యూదులకి ఒక నెల వెనక. పోయిన ఏడు వాళ్ళ కొత్త సంవత్సరం బతుకమ్మ పక్కన పడింది కదా, ఈ ఏడు సెప్టెంబర్ 12న, అంటే వినాయక చవితికి రెండు రోజుల ముందు పడుతుంది. 2027 వసంతంలో వాళ్ళ రెండో అదార్‌కి వాళ్ళ చక్రం ఆగుతుంది, మళ్ళీ ఇద్దరం ఒకే వరసలోకి వస్తాం.

రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి హిజ్రీ చక్రమే అస్తమానం జారుతూ ఉంటుందని నేను ముందే నోట్సులో రాసేశా. పార్టనర్ చక్రం పట్టుకుని పదినిమిషాలు తిప్పింది. "నా చక్రానికి ఒక్క పిన్ను కూడా లేదు చూడు. మేం నడుస్తూనే ఉన్నాం, మీరిద్దరే ఆగి ఆగి వస్తున్నారు" అంది. నిజమే. నోట్సులో ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాశా.

మార్చి 19. ఉగాది, పరాభవ నామ సంవత్సరం. నిసాన్ నెల మొదటి రోజు కూడా ఇవాళే. పొద్దున్నే తెలుగు, హీబ్రూ చక్రాలు ఒక గది తిప్పాం, హిజ్రీది పార్టనర్ తిప్పనివ్వలేదు, నెలవంక కనబడలేదుగా అంది. సాయంత్రం రోజా విడిచాక ఆమెకి ఉగాది పచ్చడి ఇచ్చా. వేపపువ్వు పంటికి తగిలి మొహం అదోలా పెట్టి, ఖర్జూరం ఇంకోటి నోట్లో వేసుకుంది. నట్టు కాస్త వదులైంది, రేపు ఇంకో వాషర్ వెయ్యాలి. మే 17న గుచ్చాల్సిన పిన్ను తాత తన చొక్కా జేబుకి గుచ్చుకుని తిరుగుతున్నాడు.