సూట్‌కేసు తూకంతో తూచిన ట్రిగ్గర్

ఇండియాకి వెళ్ళేటప్పుడు పెట్టె 23 కిలోలు దాటిందో లేదో చూసుకోవడానికి మా ఇంట్లో ఒక కొక్కెం తూకం ఉంది. పోయిన సంవత్సరం ఒక రాత్రి దాన్ని ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా లాగాను. తుపాకీ వెనకున్న సుత్తి పడేసరికి అంకె 7.1 దగ్గర నిలిచింది. కిలోలే! మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "అది పెట్టెల కోసం కొన్నాం" అని మాత్రం అంది.

అంతకుముందు షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన ఒక పెద్దాయన ట్రిగ్గర్ బరువు తూచే తన లైమన్ డిజిటల్ గేజ్ ఇచ్చి చూడమన్నాడు. అది కొలిచేది 12 పౌండ్ల దాకానే, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. నా రివాల్వర్ ఆ హద్దు దాటేసింది కాబట్టి సూట్‌కేసు తూకం బయటికి తీయాల్సొచ్చింది.

నా రివాల్వర్ .22ది, అంటే అంగుళంలో సుమారు ఐదో వంతు వెడల్పున్న సన్న తూటాలు వాడేది. .22 నాకు కొత్త కాదు. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని, .22 రైఫిల్‌తో ఐదంటే ఐదు తూటాలు కాల్చాను. ఆ ఐదింటి గురించి ఇరవయ్యేళ్ళు చెప్పుకున్నాను. డల్లాస్ వచ్చాక హెచ్-1బి మీద ఉన్నన్నాళ్ళూ తుపాకీ ఊసెత్తలేదు. ఆ వీసాలో ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు లాంటివి ఉన్నాయి గానీ, వీసాని పణంగా పెట్టి ఆ మినహాయింపుని పరీక్షించే ధైర్యం నాకు లేదు. గ్రీన్‌కార్డు వచ్చాకే తుపాకుల కొట్టు గడప తొక్కాను. తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫారం 4473 నింపి, గ్రీన్‌కార్డు నంబరు రాసి సంతకం పెడితే, కొట్టువాడు ఎఫ్‌బీఐ వాళ్ళ తనిఖీకి పంపాడు. "డిలే" అని వచ్చింది. కారణం చెప్పరు. ఇంటిపేరు ఎక్కడ రాయాలో, పేరు ఎక్కడ రాయాలో తెలియని మన కాగితాల పుణ్యమేమో అనుకున్నాను. రెండో రోజుకి "ప్రొసీడ్" వచ్చేసింది. ఆ సంగతి ఫోన్‌లో చెబితే నాన్న అడిగింది ఒకటే మాట: "అదెందుకురా నీకు?" గురి కోసం నాన్నా, ఆట అన్నాను. "మరి క్యారమ్స్ ఆడుకోవచ్చుగా" అన్నారు.

అసలు తప్పు కొట్టులోనే చేశాను. అద్దాల కింద స్మిత్ అండ్ వెసన్ 617 అనే .22 రివాల్వర్ ఉంది. పది తూటాలు పడుతుంది, మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు, ధర తొమ్మిది వందల డాలర్ల పైమాట. పక్కనే ఇంకో కంపెనీది, ఎనిమిది తూటాలది, దాని ధరలో సగం కూడా లేదు. తూటానేమో చిటికెన వేలు గోరంత వెడల్పు కూడా ఉండదు, దానికి అంత ఖర్చెందుకు అనుకుని చవకది పట్టుకొచ్చాను. కంపెనీ పేరు చెప్పను. వాళ్ళు తర్వాత నాతో మర్యాదగానే నడుచుకున్నారు.

తూటా చిన్నది కాబట్టి ట్రిగ్గర్ తేలిగ్గా ఉంటుందని నేననుకున్నాను. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. .38 లాంటి పెద్ద సెంటర్‌ఫైర్ తూటాకి అడుగున మధ్యలో నిప్పు రాజేసే చిన్న ప్రైమర్ ఉంటుంది, సుత్తి దెబ్బకి పిన్ను దాన్ని పొడిస్తే చాలు. .22 రిమ్‌ఫైర్‌కి అది లేదు. నిప్పు రాజేసే మందు అడుగున ఉన్న బోలు అంచులో చుట్టూతా పరుచుకుని ఉంటుంది. ఆ ఇత్తడి అంచుని పిన్నుకీ, తూటాలు కూర్చునే సిలిండర్ లోహానికీ మధ్య నలిపితేనే అంటుకుంటుంది. అలా నలగాలంటే సుత్తి గట్టిగా పడాలి, సుత్తి గట్టిగా పడాలంటే స్ప్రింగు బలంగా ఉండాలి. డబుల్ యాక్షన్‌లో, అంటే సుత్తిని ముందే లాగిపెట్టకుండా ట్రిగ్గర్‌తోనే కాల్చేటప్పుడు, ఆ స్ప్రింగుని వెనక్కి నొక్కేదీ, సిలిండర్‌ని ఒక గది తిప్పేదీ, సుత్తిని వదిలేదీ అన్నీ మన ఒక్క చూపుడు వేలే. అందుకే ఒకే కంపెనీ, ఒకే నమూనాలో .38 కంటే .22 ట్రిగ్గర్ బరువుగా ఉండటం మామూలు.

మొదటిరోజు పది గజాల దూరంలో కాల్చాను. సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి, సింగిల్ యాక్షన్‌లో కాలిస్తే కన్నాలన్నీ ఇడ్లీ అంత చోట పడ్డాయి. డబుల్ యాక్షన్‌లో కాలిస్తే మసాలా దోసె అంత చోటు కూడా చాలలేదు. బరువు ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. లాగుతుంటే మధ్యలో ఇసుక పడ్డట్టు గరగర, చివర్లో ఒక మెట్టు ఎక్కినట్టు తట్టుకోవడం, ఆ మెట్టు దగ్గర ముందు గురిపుల్ల ఎగరడం. తయారీలో తేడా ఎక్కడుందో వేలికి అక్కడ తెలిసింది.

దానికి తోడు ఎనిమిదింట్లో ఒకటో రెండో పేలేవి కావు. తూటాలు చవకవి, వాటిదే తప్పన్నారందరూ. .22లో పేలని తూటాలు ఉండేమాట నిజమే. నాకు అనుమానమొచ్చి, మా ఆవిడ గోళ్ళ రంగుతో సిలిండర్ గదుల పక్కన చుక్కలు పెట్టి అంకెలు వేసుకున్నాను. తూటాది తప్పయితే ఏ గదిలోనైనా మొండికెయ్యాలి కదా! రెండు వందలు కాల్చి లెక్క రాశాను. మొండికేసినవన్నీ మూడో గదిలోనో ఏడో గదిలోనో ఉన్నవే. పేలనివాటిని తీసి వేరే గదిలో పెడితే చాలావరకు పేలాయి. ఆ రెండు గదుల్లో అంచు కూర్చునే చోటు సరిగ్గా తొలవలేదన్నమాట. దెబ్బ పడగానే తూటా ముందుకి జరిగి, దెబ్బ బలం అక్కడే పోతోంది. సిలిండర్‌లో ఎనిమిది గదులంటే ఎనిమిదిసార్లు అదే కొలత తప్పకుండా చెక్కాలి, వెనక దాన్ని తిప్పే ఎనిమిది పళ్ళూ సమంగా అరగదీయాలి. నేను మిగుల్చుకున్న డబ్బు అక్కడ పోయింది.

ఊళ్ళో ఒక గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళి, తేలిక స్ప్రింగు వేయగలరా అని అడిగాను. ఆయన కాసేపు ట్రిగ్గర్ లాగి, "వేస్తాను, అప్పుడు ఇంకో మూడు గదులు కూడా పేలవు" అన్నాడు. .38 వాళ్ళయితే మెత్తని ప్రైమర్లున్న తూటాలు వెతుక్కుని స్ప్రింగు తగ్గించుకోవచ్చు, .22 వాడికి ఆ వెసులుబాటు తక్కువ. డబ్బు తీసుకోకుండానే వారంటీకి పంపమన్నాడు. కంపెనీకి నా లెక్కల కాగితం ఫొటో తీసి పంపితే షిప్పింగ్ లేబుల్ పంపారు. మరమ్మతు చేసిన అదే తుపాకీ మళ్ళీ కొట్టు ద్వారా, ఫారం ద్వారా రానక్కర్లేదు. ఐదో వారంలో నేరుగా ఇంటికొచ్చింది, పెద్దవాళ్ళెవరైనా ఎదురుగా ఉండి సంతకం పెట్టి తీసుకోవాలంతే. సిలిండర్ కొత్తది వేశారు, లోపలి భాగాలు నునుపు చేశామని చీటీ పెట్టారు. తూకానికి తగిలిస్తే 5.9.

ఇప్పుడు రోజూ రాత్రి ఇరవైసార్లు ఖాళీగా లాగుతాను. ఊరికే లాగకూడదు, చాలా .22లలో పిన్ను వెళ్ళి గది అంచునే కొట్టి గుంట చేస్తుంది. గోడకి స్క్రూ బిగించే ముందు కన్నంలో దూర్చే పసుపు రంగు ప్లాస్టిక్ బుడిపెలు, 4-6 సైజువి, గదుల్లో సరిగ్గా కూర్చుంటాయి. వంద కొంటే ఏడాది వస్తాయి. బ్యారెల్ మీద క్వార్టర్ నాణెం పెట్టి, అది పడకుండా లాగాలి. మొదటివారం ఇరవైకి మూడుసార్లు నిలిచింది. అయ్యాక తాళం పడే పెట్టెలో పెట్టేస్తాను, పిల్లలున్న ఇల్లు.

గదులన్నీ పేలుతున్నాయి. డబుల్ యాక్షన్ కన్నాలు దోసె నుంచి ఊతప్పం దాకా వచ్చాయి. నూటయాభై తూటాలు దాటితే మసి పట్టి ఖాళీ తొడుగులు బయటికి రావడానికి మొరాయిస్తాయి, బ్రష్ వెయ్యాలి. అది 617లో కూడా తప్పదని పెద్దాయన చెప్పాడు. ఆయన దగ్గరున్నది అదే. .38 వాడే చట్రం మీద .22 కట్టి, సాధన చవకగా చేసుకునే అలవాటుని స్మిత్ అండ్ వెసన్ 1930ల మొదట్లోనే కె-22తో తెచ్చింది, ఈ 617 దాని వారసురాలే. పోయిన ఆదివారం ఒక సిలిండర్ కాల్చనిచ్చాడు. గరగర లేదు, మెట్టు లేదు. పదీ అయ్యాక తూకం జేబులోంచి తీశాను. ఆయన పగలబడి నవ్వాడు గానీ, తూచనిచ్చాడు. 4.8.