నా పిన్ ఒకసారి చూడు

శనివారం తెల్లవారుజామున నేను కారెక్కే సమయానికి నరసరావుపేటలో సాయంత్రం టీ వేళ. అమ్మ సరిగ్గా అప్పుడే వీడియో కాల్ చేస్తుంది. "ఇంత పొద్దున్నే ఎక్కడికే?" అని మొదటిసారి అడిగినప్పుడు ఏం చెప్పాలో తోచక "గుడికమ్మా" అనేశాను. రెండేళ్లుగా ఆ అబద్ధాన్నే లాక్కొస్తున్నాను. అమెరికా వెళ్లాక పిల్లకు భక్తి పెరిగిందని అమ్మ వీధంతా చెప్పుకుంటోందట. మా ఆయనకు మాత్రం అసలు సంగతి తెలుసు. "ఇన్సూరెన్స్ కాగితాలు ఏ అరలో ఉన్నాయో చెప్పి వెళ్లు" అని వారం వారం అదే జోకు వేస్తాడు.

నేను వెళ్లేది డాలస్‌కు గంటన్నర దూరంలో, జొన్నచేల పక్కన ఉన్న ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, రెండు పెద్ద ఫ్యాన్లు, ఎవరిదో తెలియని ఒక కుక్క. అక్కడ విమానం ఎక్కి, దాంట్లోంచి దూకుతాను.

మిగతా ఐదు రోజులూ టెస్టర్‌ని. కాంట్రాక్టు మీద ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా పని. జీవిత బీమా దరఖాస్తులో "మీకు స్కైడైవింగ్ అలవాటు ఉందా?" అని ఒక ప్రశ్న ఉంటుంది. అవునని టిక్ పెడితే తర్వాతి పేజీ సరిగ్గా తెరుచుకుంటోందో లేదో పరీక్షించింది నేనే. అప్పటికి నావి 11 జంపులు.

గాల్లో ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. 13,500 అడుగుల ఎత్తు నుంచి దాదాపు నిమిషం పాటు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో కిందికి పడతాం, తర్వాత పారాచూట్ తెరుచుకుంటుంది. ఇంతకు మించి ఏం చెప్పినా అతిగానే ఉంటుంది. నన్ను అక్కడ కట్టిపడేసింది నేల మీద జరిగే పని.

ఉదాహరణకు ప్యాకింగ్. షెడ్డులో పాత కార్పెట్లు పరిచి ఉంటాయి. దిగిన ప్రతివాళ్లూ తమ పారాచూట్‌ని భుజాన వేసుకుని, తాళ్లు సరిచూసుకుని, గుడ్డను మడతలు వేసి, కింద పరిచి, మోకాళ్లతో గాలి తీసి సంచిలోకి ఎక్కించాలి. కొత్త నైలాన్ గుడ్డ పాదరసంలా జారిపోతుంది. నాతో పాటు నేర్చుకున్న టెక్సస్ కుర్రాడు మొదటి రోజు గంటన్నర కుస్తీ పట్టి చెమటతో కూలబడ్డాడు. నాకూ గంట పట్టింది గానీ మడతల దగ్గర మాత్రం ఇబ్బంది పడలేదు. అవి అచ్చం చీర కుచ్చిళ్లు. వేళ్ల మధ్య ఒక్కొక్కటీ తీసుకుంటూ, అంచులు కలుపుకుంటూ పోవాలి. "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అని ప్యాకర్ అమ్మాయి అడిగింది. పెళ్లిళ్లలో అన్నాను.

వీపు మీద మోసే ఆ మూటను రిగ్ అంటారు. అందులో పారాచూట్లు రెండు. మెయిన్‌ని మనమే మడుచుకోవచ్చు. రెండోది రిజర్వ్, మెయిన్ మొరాయిస్తే ఆదుకునేది. దాన్ని లైసెన్సున్న రిగ్గర్ తప్ప ఎవరూ మడవకూడదు. వాడినా వాడకపోయినా ప్రతి 180 రోజులకోసారి రిగ్గర్ దాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ మడిచి, ఎర్ర దారంతో సీసపు సీలు వేసి, కార్డు మీద తేదీ రాసి సంతకం పెడతాడు. ఆ కార్డును మొదటిసారి చూసినప్పుడు ఒక టెస్టర్‌గా నాకు కడుపు నిండిపోయింది. మా ఆఫీసులో ఏ ఫైలు మీదా అంత నికార్సయిన సంతకం చూడలేదు. వీటన్నిటి పైన ఒక చిన్న యంత్రం కూడా ఉంటుంది. మనిషి స్పృహ తప్పి పడిపోతున్నా ఎత్తునూ వేగాన్నీ కనిపెట్టి, దాదాపు 750 అడుగుల దగ్గర తనంతట తానే రిజర్వ్‌ని తెరిపిస్తుంది. 1991లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ అనే యంత్రంతో ఇవి జంపర్ల నమ్మకం సంపాదించాయి.

ఇవన్నీ నాకు నేర్పింది ఒక పెద్దాయన. తెల్ల గడ్డం, ఒకప్పుడు ఎలక్ట్రీషియన్. 4,000 పైచిలుకు జంపులు. పాతకాలపు కథలు ఆపకుండా చెబుతాడు. 1970లలో ఈ దేశంలో ఏడాదికి సగటున 40 మందికి పైగా పోయేవారట. 2024లో మొత్తం 9 మంది. జంపుల సంఖ్య చూస్తే దాదాపు 39 లక్షలు. ఆ తేడా ఎలా వచ్చిందో చెప్పడానికి ఆయన తన భుజం మీది మూడు ఉంగరాలను చూపిస్తాడు. చిక్కుపడిన మెయిన్‌ని క్షణంలో వదిలించుకోవడానికి 1970ల మధ్యలో బిల్ బూత్ కనిపెట్టిన ఏర్పాటు అది. పెద్ద ఉంగరంలో చిన్నది, చిన్నదానిలో ఇంకా చిన్నది. బరువు ఒక్కో ఉంగరం దగ్గరా తగ్గుకుంటూ వచ్చి, చివరికి ఒక బుల్లి దారపు ఉచ్చు మీద నిలుస్తుంది. "మనిషి బరువంతా చూడు, చివరికి దేన్ని పట్టుకుందో" అంటాడు.

ఆ ఎయిర్‌స్ట్రిప్‌లో ఎవరూ నీ ఉద్యోగం ఏంటి, వీసా ఏంటి అని అడగరు. నర్సు ఉంది, స్కూలు బస్సు డ్రైవర్ ఉన్నాడు, మాజీ సైనికులు ఉన్నారు. ఎన్ని జంపులు అనేదొక్కటే అడుగుతారు. ఏదైనా మొదటిసారి చేస్తే అందరికీ బీరు పెట్టించాలి, అది ఆనవాయితీ. 25 జంపులు పూర్తయి, జంపర్లకు మొదటి మెట్టయిన 'ఎ' లైసెన్స్ వచ్చిన రోజు నేను బీరు కేసుతో పాటు పెద్ద గిన్నె నిండా పులిహోర పట్టుకెళ్లాను. బీరు మిగిలింది, పులిహోర మిగల్లేదు. అప్పటి నుంచి వాళ్లకు నేను ఎల్లో రైస్ లేడీని.

ఇంకో ఆనవాయితీ నాకు మింగుడు పడటానికి చాలా రోజులు పట్టింది. నా 12వ జంపు అనుకుంటా. విమానం వైపు నడుస్తుంటే ఒక కుర్రాడు నా ముందుకొచ్చి ఆపాడు. అతనివీ 30 జంపులు కూడా ఉండవు. "నీ ఛాతీ పట్టీ సరిగ్గా వెయ్యలేదు" అన్నాడు. పట్టీని బకిల్‌లోంచి తీసి మళ్లీ వెనక్కి మడిచి దూర్చాలి. నేను ఒక్కసారే దూర్చాను. చేత్తో లాగితే బిగుతుగానే ఉంది, కానీ పారాచూట్ తెరుచుకునే కుదుపుకు జారిపోయేది. అందరి ముందూ చెప్పాడని మొహం మాడిపోయింది. నేను పట్టీ సరిచేసుకునే దాకా ఆగి, అతను గిర్రున వెనక్కి తిరిగాడు. "ఇప్పుడు నా పిన్ ఒకసారి చూడు."

పిన్ అంటే వీపు మీద, ఒక చిన్న మూత కింద ఉండే వంకర స్టీలు ముక్క. మెయిన్ ఉన్న సంచిని నాలుగు వైపుల నుంచీ మూసి, ఒక దారపు ఉచ్చులోంచి దీన్ని దూరుస్తారు. దూకాక మనం విసిరే చిన్న పారాచూట్ గాలి పట్టి, ఒక నైలాన్ పట్టీతో ఈ పిన్‌ని లాగుతుంది, అప్పుడు మెయిన్ బయటికొస్తుంది. ఎవరి పిన్ వాళ్లకు కనపడదు. పక్కవాళ్లను అడగాల్సిందే. వేల జంపులు చేసినవాళ్లయినా సరే, నిన్న చేరినవాళ్లకు వీపు చూపించి అడుగుతారు.

మేలో ఒక శుక్రవారం ఆఫీసులో ఒక డిఫెక్ట్ రాశాను. ఒక రకం పాలసీలో నామినీ మార్చితే పాత పేరే సేవ్ అవుతోంది. క్రిటికల్, అంటే వెంటనే సరిచేయాల్సింది, అని పెట్టాను. ఆదివారం రాత్రి రిలీజ్. మేనేజర్ పిలిచి "దీన్ని మీడియం చేద్దామా, తర్వాతి రిలీజ్‌లో చూసుకుంటారు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నా కాంట్రాక్టు రెన్యూవల్ ఆయన సంతకం మీద ఆగి ఉంది, వీసా పొడిగింపు ఆ రెన్యూవల్ మీద ఆగి ఉంది. మీడియం చేశాను. ఇక్కడ పనిచేసే మనవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

మర్నాడు శనివారం నాది 34వ జంపు. పెద్దాయనతో కలిసి దూకాలి. సెస్నా క్యారవాన్ విమానంలో తోక వైపు మొహం పెట్టి, బెంచీ మీద అటూ ఇటూ కాళ్లు వేసి, ఒకరి ముందు ఒకరం కూర్చుంటాం. ముందువాళ్ల రిగ్ మన ఛాతీకి ఆనుకుని ఉంటుంది. 10,000 అడుగుల దగ్గర అందరూ హెల్మెట్లు సర్దుకుంటుంటే ఆయన కాస్త ముందుకు జరిగాడు. ఆయన పిన్ మీది మూత లేచి ఉంది. జానెడు నైలాన్ పట్టీ బయటికి వేలాడుతోంది. పిన్ దాదాపు జారిపోయి, కొస మాత్రం ఉచ్చుకు పట్టుకుని ఉంది.

తలుపు తెరిచాక ఆ పట్టీకి గాలి తగిలితే పారాచూట్ విమానం లోపలి నుంచే బయటికి పోతుంది. మనిషిని ఈడ్చుకుపోతుంది, విమానం తోకకు చుట్టుకుంటే లోపల ఉన్న అందరి పనీ అయిపోతుంది. మొదటి రోజు క్లాసులో చెప్పే పాఠమే ఇది. చెప్పింది కూడా ఆయనే.

అయినా నాకు నోరు పెగల్లేదు. ఆయనవి 4,000, నావి 33. ఈ రకం రిగ్‌కి ఇలాగే ఉంటుందేమో, నాకే తెలియదేమో అనుకున్నాను. గురువుగారి పంచె కచ్చ జారుతుంటే శిష్యులు నేల చూపులు చూడటమే నేర్చుకున్న ప్రాణం నాది. చేతికున్న, ఎత్తు చూపే ఆల్టీమీటర్ ముల్లు 10,500 దాటింది. 11,000 దాటింది. నిమిషానికి పైగా గడిచింది. ఆ నిమిషం గురించి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

చివరికి భుజం తట్టి చెవిలో అరిచాను. "మీ పిన్!"

ఆయన వెనక్కి తిరగలేదు, కదలనే లేదు. "లోపల ఉందా?" అన్నాడు. "కొస మాత్రం." "నీ అరచేతితో మూత నొక్కి పట్టుకో. వదలకు." తర్వాత తలుపు దగ్గరున్న ఇన్‌స్ట్రక్టర్‌కు చేత్తో సైగ చేశాడు, తాను దూకడం లేదని. ఇద్దరం అలాగే అతుక్కుని పైలట్ వెనకకు పాక్కుంటూ పోయాం. ఆయన వీపు గోడకు ఆనించాక గానీ తలుపు తెరవలేదు. మిగతా వాళ్లంతా వెళ్లేటప్పుడు పిడికిళ్లు తాకించి వెళ్లారు. ఎవరూ ఏమీ అనలేదు. మేమిద్దరం సీటు బెల్టులు పెట్టుకుని విమానంతోనే దిగాం. దిగేదాకా నా చెయ్యి గోడకూ ఆయన వీపుకూ మధ్య ఇరుక్కునే ఉంది, తిమ్మిరెక్కింది.

షెడ్డులో రిగ్ విప్పి చూపించాడు. పిన్ తప్పు కాదు, ఉచ్చు తప్పు. దారం పీచులు లేచి, సాగి, వదులైపోయింది. ఆ దారం ఖరీదు ఒక డాలర్ కూడా ఉండదు. "రెండు వారాల కిందటే చూశాను, వచ్చే వారం మారుద్దాం అనుకున్నాను" అన్నాడు. చాకుతో కోసి, కొత్త దారం కొలిచి, ముడి వేసి బిగించాడు. ఐదు నిమిషాల పని.

సాయంత్రం మంట చుట్టూ అందరూ చేరాక ఆయన లేచి, పొద్దున జరిగిందంతా ఎక్కడా తగ్గించకుండా చెప్పాడు. ఉచ్చు అరిగిందని తెలిసీ వాయిదా వేశానన్నాడు. విమానం ఎక్కేముందు ఎవరికీ వీపు చూపించలేదన్నాడు. కుర్రాళ్లు ఆట పట్టించారు, బీరు కేసు తెప్పించారు. పాత ఉచ్చును తెచ్చి నా చేతిలో పెట్టి "ఇది నీది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, పొగ వల్ల అన్నాను.

సోమవారం ఆ డిఫెక్ట్ మళ్లీ తెరిచి క్రిటికల్ పెట్టాను. అప్పటికి రిలీజ్ అయిపోయింది. కాల్‌లో పదకొండు మందిమి ఉన్నాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత మేనేజర్ "ఆఫ్‌లైన్‌లో చూద్దాం" అన్నాడు. బుధవారం సరిచేశారు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు, ఎవరూ తిట్టలేదు. రెన్యూవల్ సంగతి ఇంకా తేలలేదు.

ఉచ్చును ఇంట్లో నా పని బల్ల మీద, మానిటర్ పక్కనున్న చిన్న వెంకన్న పటానికి తగిలించాను. తెల్ల దారమే గానీ మాసి గోధుమరంగుకు తిరిగింది. మొన్న వీడియో కాల్‌లో అమ్మ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది.

"స్వామికి ఆ దారం ఏంటే?"

"గుళ్లో ఇచ్చారమ్మా."

"రక్ష దారమా? మంచిది. తీసేసేవు సుమా. దానంతట అది తెగిపోవాలే గానీ మనం తీయకూడదు."